గోడలో దీపం గూడు

మొన్న వేలూరు శివారులో పాత కాలనీ ఇళ్ళను యంత్రంతో పడగొడుతున్నారు. సున్నపు దుమ్ము ముక్కుకు తగలగానే నా చెయ్యి నొసటి మచ్చ మీదికి పోయింది.

మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోతున్న రోజుల్లో ఆ గోడలు కట్టింది మా నాయన. అమ్మ ఇటుకలు అందిస్తుంటే చిన్నపిల్లనైన నేను అక్కడే ఆడుకునేదాన్ని. ప్లాను గీసిన సారు మద్రాసు ఆర్కిటెక్టు. ఆయన కొత్తరకం ఇళ్ళకు నున్నటి గోడలే తప్ప గూళ్ళు ఉండకూడదు. నాయన మాత్రం అలవాటు కొద్దీ తలుపు పక్కన దీపం గూడు పెట్టాడు.

సారు ఆ గోడను బూటుకాలితో తన్ని, "ఇడిచ్చిపోడు!" అని అరిచాడు.

మా ఇంట్లో 'ఇడిచిపెట్టు' అంటే వదిలెయ్యమని. గూడు దక్కిందని సంబరపడి, నా మట్టిబొమ్మను అందులో కూర్చోబెట్టడానికి లోపలికి పరిగెత్తాను.

బయట నాయన సమ్మెట ఎత్తి, పగవాణ్ణి కొట్టినట్టు గోడను కొట్టాడు. గూడు పగిలి ఇటుక నా నొసటిని చీల్చింది.

"పాపిష్టోడా, బిడ్డను చంపినావే!" అంటూ అమ్మ నాయన రొమ్ము మీద గుద్దింది.

నాయన నా నెత్తురు అదుముతూ, "లోపలికి యాల పోతివి తల్లీ?" అన్నాడు.

"సారు ఇడిచిపెట్టమన్నాడు గదప్పా!"

"అది అరవం మాట అమ్మా. కూల్చమన్నాడు."

సారు ప్లాను చుట్టుకుని పక్కింటి గోడలు చూడటానికి పోయాడు.

పెద్ద వయసులో అక్షరాలు నేర్చుకున్నాక ఆ రెండు మాటలూ రాసి చూశాను. ఇడిచి, ఇడిచ్చి. మధ్యన ఒక్క చ వత్తు.

తర్వాత నాయన మా సొంతింటికి కూడా గూడు పెట్టలేదు. అమ్మ దీపం నేల మీదే పెట్టేది.