మొదటి వరసలో శ్రీకారం

విజయనగరంలో నేను పనిచేసే కాలేజీలో లెక్చరర్లకి రెండు ఉద్యోగాలు. పాఠాలు చెప్పడం మొదటిది. వేసవి రాగానే ఊళ్ళు తిరిగి, ఇంటర్ రాసిన పిల్లలున్న ఇళ్ళ తలుపులు తట్టి, "మా కాలేజీలో చేర్పించండి బాబూ" అని బతిమాలడం రెండోది. మొదటిది ఎలా చేసినా అడిగే నాథుడు లేడు. రెండోది చెయ్యకపోతే మాత్రం మనిషిని పిలిచి కూర్చోబెట్టి మరీ అడుగుతారు.

కంప్యూటర్లు చెప్పేదాన్ని గనక, ల్యాబ్ చూసుకోవాలనీ ప్రాక్టికల్స్ ఉన్నాయనీ వంకలు పెట్టి ఆ రెండో ఉద్యోగాన్ని చాలాకాలం తప్పించుకున్నాను. ఈమధ్య మా కరస్పాండెంటు గారికి నా ఎత్తు తెలిసిపోయింది. కాలేజీ పెట్టకముందు ఆయన రైసుమిల్లు నడిపారు. ఇప్పటికీ అదే నడుపుతున్నారని నా అభిప్రాయం. ఇటు ధాన్యం పోస్తే అటు బియ్యం రాలాలి, మధ్యలో ఏం జరుగుతుందో ఆయనకి అక్కర్లేదు.

"అమ్మా, ఆ కంటైనర్ల కోర్సని ఎప్పుడ్నుంచో సెప్తన్నారు. అది మన కంప్యూటర్లలో నడిసినట్టు నేనైతే సూళ్ళేదు" అన్నారు. "శనివారం నా కళ్ళెదురుగా నడిపించండి. నడిస్తే కోర్సు ఉంటాది. నడవకపోతే తీసేసి, మీకు పాతపట్నం లైను ఇచ్చేస్తాను."

పాతపట్నం లైను అంటే పిల్లల కోసం తిరగాల్సిన, ఒడిశా సరిహద్దు వెంబడి ఉన్న ఊళ్ళన్నీ. అదీ మే నెలలో. బస్సు ఉన్నచోట బస్సు, లేనిచోట నా మోకాళ్ళు. ఆ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు, మా ఆయనకి తెలుసు, డాక్టరుకి తెలుసు. కరస్పాండెంటు గారికి తెలియాల్సిన పని లేదు.

కంటైనర్ అంటే పెద్ద మర్మమేం కాదు. ఒక ప్రోగ్రాముకి కావలసిన సరంజామా అంతా, చెంచాతో సహా, ఒక క్యారేజీలో సర్దిపెట్టడం. ఆ క్యారేజీ ఏ కంప్యూటరు మీద విప్పినా ప్రోగ్రాము నడిచిపోతుంది, ఆ ఇంటివాళ్ళ గిన్నెలు అడగక్కర్లేదు. ఈ క్యారేజీలు కట్టే పనిముట్టు ఒకటుంది. మా ల్యాబులోని డెస్క్‌టాపులు కాలేజీతో పాటు పుట్టినవి. వాటిలో ఉన్న లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని చూసి, ఆ పనిముట్టు తాలూకు రెడీమేడ్ ప్యాకేజీ "మీ సిస్టమ్ పాతది" అని మొహం మీదే చెప్పేసింది.

నా వయసు ఆడవాళ్ళకి ఈ అవమానం కొత్త కాదు. షాపులో రెడీమేడ్ జాకెట్టులో చెయ్యి దూరకపోతే ఏం చేస్తాం? గుడ్డ కొని, కొలతలిచ్చి కుట్టించుకుంటాం. ఆ గుడ్డే సోర్స్ కోడ్, అంటే పనిముట్టు తాలూకు మూలప్రతి. ఎవరైనా తెచ్చుకోవచ్చు, మన కంప్యూటరు కొలతలకి మనమే కుట్టుకోవచ్చు.

ఆ వారమంతా కుట్టాను. లైబ్రరీ అనే తోడు ప్రోగ్రాము ఒకటి లేదంది, తెచ్చాను. ఆ లైబ్రరీకి ఇంకోటి కావాలంది. దానికి మరోటి. మావైపు పెళ్ళిపిలుపులు సరిగ్గా ఇలాగే ఉంటాయి. ఆడపడుచు రావాలంటే ఆవిడ తోడికోడల్ని విడిగా పిలవాలి. తోడికోడలు రావాలంటే ఆవిడ పుట్టింటికి వెళ్ళి బొట్టు పెట్టి రావాలి. అందరికీ బొట్లు పెట్టాక శుక్రవారం మధ్యాహ్నం పనిముట్టు తయారైంది. మర్నాడు పెద్దల ఎదుట మొదట్నుంచీ చెయ్యాలి గనక దాన్ని చెరిపేసి, తయారీ విధానం వరసగా రాసి ఉండే మేక్‌ఫైలు అనే ఫైలుని శనివారం పొద్దున్నే తెర మీద తెరిచి పెట్టి, క్లాసుకి వెళ్ళాను.

అదే నేను చెయ్యకూడని పని. తిరిగొచ్చేసరికి ల్యాబు నిండా అగరొత్తుల పొగ. సీపీయూకి పసుపూ కుంకుమా. కీబోర్డు పక్కన కొబ్బరికాయ కొట్టారు; ఒక చెక్క ప్రింటరు నెత్తిన ఉంది. కరస్పాండెంటు గారు, కమిటీ పేరుతో వెంట తిరిగే ఆయన బావ, మా ప్రిన్సిపాలు, ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. వెనకాల ఫైనలియర్ ఆడపిల్లలు.

"మంచి గడియ దాటిపోతోందని ప్రారంభించేశాం మేడమ్. మీ పనికేం అడ్డం రాలేదు" అన్నారు ప్రిన్సిపాలు.

సరే అనుకుని, మేక్ అని కొట్టి ఎంటర్ నొక్కాను. తెర మీద ఒకే ఒక్క ముక్క వచ్చింది. మొదటి వరస అర్థం కాలేదు, ఆగిపోతున్నాను అని.

"తెర దక్షిణం మొహం పెట్టి ఉన్నాది బావా, ఎలా నడుస్తాది?" అన్నారు బావ.

"నెట్ స్లోగా ఉంది" అన్నారు ప్రిన్సిపాలు. ఆయనకి కంప్యూటర్లలో తెలిసిన జబ్బు అదొక్కటే.

"మిల్లులో కొత్త మోటారు కూడా మొదట మొరాయించీది. ఇంకో కాయి కొట్టండి" అన్నారు కరస్పాండెంటు గారు.

"ఇంకోటి కొడితే కీబోర్డు ఈత నేర్చుకోవాలి" అని, ఫైలు తెరిచాను. అన్నిటికంటే పైన, తెలుగులో, నిండుగా, శ్రీ.

"ఎవరు రాశారిది?"

"నేనేనమ్మా" అన్నారు కరస్పాండెంటు గారు, దాపరికం లేకుండా. "పైన ఖాళీగా ఉన్నాది. శుభలేఖ కాడ్నుంచి సరుకుల సీటీ దాకా శ్రీ లేకుండా ఏదైనా మొదలెడతామా? మీరు మర్సిపోయేరని నేనే పెట్టేను."

ప్రిన్సిపాలు అక్షరాభ్యాసంలో పంతులు గారిలా ఆయన వేలు పట్టుకుని మరీ కొట్టించారట. భద్రంగా సేవ్ కూడా చేశారట.

"ఈ వరసల్లో రాసినదల్లా తనకిచ్చిన పనే అనుకుంటుంది మిషను. శ్రీ అంటే ఏ పని చెయ్యాలో దానికి తెలీదు. తీసేద్దాం" అన్నాను.

"తీసేస్తారా! శ్రీకారం సుట్టినదాన్ని సెరిపేస్తారా!"

ప్రిన్సిపాలు చేతులు వెనక్కి పెట్టేసుకున్నారు. శ్రీ చెరపమని ముందు వరసలో ఉన్న పిల్లని పిలిచాను. "నన్నొగ్గీండి మేడమ్. సోమారం నాకు లెక్కల పరీచ్చున్నాది" అంది. కంటైనర్లలో క్లాసు ఫస్టు ఆ పిల్ల.

నేనే వేలు చాపితే బావ అడ్డం వచ్చారు. "ఆవిడ సెరిపేక కాలేజీకి ఏటైనా అయితే పూచీ ఎవరిది బావా?"

వాదన దొరికితే నాకు ఆకలి తెలీదు. "మీ మిల్లులో శ్రీ ఎక్కడ రాశారండీ?" అని కరస్పాండెంటు గారిని అడిగాను.

"గోడ మీద."

"ధాన్యంతో పాటు మిషన్లో ఎందుకు పోయలేదు?"

"గోడ మీదే రాసేం. నిజవే."

"దీనికీ ఒక గోడ ఉంది. శ్రీ చెరగకుండా పని జరిపిస్తాను. కానీ నడిస్తే కోర్సు ఉంటుందన్నారు గానీ నన్ను ఊళ్ళకి పంపనని అనలేదు. పాతపట్నం నేను వెళ్ళను. ఇంతమంది ఎదుట ఆ మాట అనండి."

ఆ దారి నాకు శ్రీ కనబడ్డ క్షణంలోనే తెలుసు. అంత తేలిగ్గా చెప్పేస్తే మే నెలలో నా మోకాళ్ళకి ఎవరు జవాబు చెప్తారు?

"ఎల్లొద్దులే తల్లీ, ముందు దీన్ని కదపండి" అన్నారాయన.

శ్రీ ముందర నిలువుగా రెండు, అడ్డంగా రెండు గీతలుండే గుర్తు ఒకటి కొట్టాను. ఆ గుర్తు తర్వాత ఆ వరసలో ఏం రాసినా మనుషుల కోసమే, మిషను దాని జోలికి పోదు. మళ్ళీ మేక్. ఈసారి వరసలు జలజలా పరిగెత్తాయి. సీపీయూ ఫ్యాను పసుపు ఎగరగొడుతూ రొదపెట్టింది. పెద్దలు రెండు విడతలు టీ తాగి, కొబ్బరిముక్కలు నమిలి, కునుకు తీయబోతుండగా పనిముట్టు తయారైంది. చిన్న ప్రోగ్రాముని దాంతో ఒక క్యారేజీలో సర్ది, పక్క కంప్యూటరు మీద విప్పి చూపించాను. నడిచింది.

"సూసేరా శ్రీకారం మహిమ" అన్నారు కరస్పాండెంటు గారు. కోర్సు ఉండిపోయింది.

మాట కూడా తప్పలేదాయన. నేను పాతపట్నం వెళ్ళలేదు. మే నెలలో పాతపట్నాన్నే కాలేజీ బస్సెక్కించి నా ల్యాబుకి తెచ్చారు. తల్లిదండ్రులందరినీ తెర ముందు నిలబెట్టి, "సూడండి, ఏ కాలేజీలోనైనా కంప్యూటరుకి శ్రీకారం ఉన్నాదా?" అని అడుగుతున్నారు. నాకు కుర్చీ మాత్రం వేయించారు.

భుజం మీద తువ్వాలున్న ఒక పెద్దాయన తెరలోకి వంగి చూశాడు.

"శ్రీ ముందర ఆ గీతలేటమ్మా?"

"కంచె బాబూ. దేవుణ్ణి మిషను కదపకుండా, మిషన్ని దేవుడు ఆపకుండా."

ఆయన తెర మీంచి తల ఎత్తాడు. "మరైతే ఇందులో పని సేసింది ఎవలు?"

కరస్పాండెంటు గారు నోరు తెరిచేలోపే, "నేను" అన్నాను.