ఆదివారం సెలవులేని వడ్డీ

ఐసు పిన్నికి కోపం ముక్కు మీదే ఉంటుంది. అదే ముక్కు మీద కాస్త రంపపు పొట్టు కూడా ఉంటుంది. బజారు చివర ఆవిడ ఐసు కార్ఖానా. చేపల దుకాణాలకీ, పళ్ళరసాల బళ్ళకీ దిమ్మలు అక్కడినుంచే వెళ్తాయి. దిమ్మ చిన్నదిగా ఉందని ఎవరైనా సణిగితే, "కరక్కుండా కూర్చోమని దాని గడ్డం పట్టుకుని బతిమాలనా?" అని గయ్యిమంటుంది. అని, మరో ముక్క ఊరికే వేసి పంపుతుంది.

ఆవిడ భర్తని బజారంతా బాబాయి అంటుంది. ఆయన కార్ఖానా తడినేల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నప్పటినుంచీ భారమంతా పిన్నిదే. ఆస్పత్రి ఖర్చులకి కార్ఖానా పేర ఉన్న, యంత్రాల కోసం అప్పటికే చాలావరకు వాడేసిన ఓవర్‌డ్రాఫ్టు ఖాతాలోంచి తీసింది. అంటే, ఖాతాలో మన డబ్బు లేకపోయినా బ్యాంకు గీసిన గీతదాకా దాని డబ్బు వాడుకోవచ్చన్నమాట. రెండేళ్ళుగా కడుతూనే ఉంది, బాకీ మాత్రం ఆ గీత దగ్గరే తిష్ఠ వేసుక్కూర్చుంది.

"నా కాలే కార్ఖానాని మింగేసింది" అని బాబాయి కుమిలిపోయేవాడు. చివరికి అమ్మేద్దామన్నాడు. కొనడానికి ఆయన అన్నగారే సిద్ధం. సోమవారం బయానా తెస్తానన్నాడు.

పిన్ని ప్రాణం విలవిల్లాడింది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ రెక్కలు ముక్కలు చేసుకుని నిలబెట్టుకున్నది అది. ఎలాగూ పోతోంది కదా, పోయేముందు ఆ బ్యాంకువాళ్ళని కడిగిపారేసి వస్తానని శుక్రవారం పొద్దున్నే బయల్దేరింది.

అప్పుల బల్ల దగ్గర కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి కూర్చుని ఉంది. పాపం, ఆ పిల్ల నమస్కారం పెట్టేలోపే పిన్ని అందుకుంది.

"పోయిన నెలాఖరున నేను చిల్లిగవ్వ తియ్యలేదు. అయినా గీత దాటానని జరిమానా వేశారు. దయ్యాలొచ్చి తీసుకుపోయాయా?"

అమ్మాయి కంప్యూటర్లో చూసింది. "దాటించింది వడ్డీ అమ్మా. నెలంతా పోగైన వడ్డీ ఆఖర్న మీ బాకీలో కలుస్తుంది. మీరు గీతకి ఆనుకుని ఉన్నారు కదా, అది కలవగానే దాటిపోయారు. దాటినందుకు జరిమానా పడింది. మర్నాటినుంచి ఆ కలిసిన వడ్డీ మీద కూడా వడ్డీ."

పిన్ని బల్ల మీదికి వంగింది. ఎవరూ వేలు పెట్టకుండానే బాకీ తనంతట తాను పెరిగి గీత దాటిందా! తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"వడ్డీ రోజూ లెక్కేస్తారా?"

"రోజూనే. రోజు ముగిసేసరికి బాకీ ఎంతుంటే అంత మీద."

"ఆదివారం కూడానా?"

"ఆదివారం మాకే సెలవమ్మా, దానికి లేదు."

తలుపులు మూసిన కార్ఖానాలో దిమ్మలు ఎలా కరిగిపోతాయో పిన్నికి చెప్పనక్కర్లేదు. దిమ్మలకి పొట్టు కప్పడం తెలుసు, గోనె చుట్టడం తెలుసు. కానీ డబ్బు కూడా అలా నిమిషం ఊరుకోని ప్రాణి అని జన్మలో తోచలేదు. ఎంత గొప్ప యంత్రాన్ని కనిపెట్టారురా నాయనా అనుకుంది.

"రోజు అమ్మకాల డబ్బు ఏం చేస్తున్నారు?" అంది అమ్మాయి.

"డబ్బాలో వేసి శనివారం తెస్తాను. రోజూ చిల్లర మూట పట్టుకొస్తే మీరు నవ్వరూ?"

"నవ్వినా నష్టం లేదు, రోజూ తెండి. ఇంకెక్కడైనా ఉందా?"

పిన్ని నసిగింది. బీరువాలో ఉంది. బాబాయికి మళ్ళీ ఆపరేషన్ కావాలంటే పనికొస్తుందని రెండేళ్ళుగా ముట్టుకోకుండా కూడబెట్టింది.

"అది ఈ ఖాతాలో వేస్తే ఆ రోజునుంచే అంతమేరకి వడ్డీ ఆగుతుంది. కావలసినప్పుడు గీతదాకా మళ్ళీ తీసుకోవచ్చు. కానీ ఏడాదికోసారి ఆ గీత మేం తగ్గించినా తగ్గించొచ్చు. అందుకని అంతా తేకండి, ఆపదకి కొంత చేతిలో ఉంచుకోండి."

పిన్ని, ఈ రెండేళ్ళలో వడ్డీలూ జరిమానాలూ కలిపి ఎంతయిందో చెప్పమంది. అమ్మాయి కూడి చూపించింది. కాస్త అటూ ఇటూగా ఆస్పత్రికి తీసినంత ఉంది.

ఇంటికి వచ్చి, మంచం పక్కన కూలబడి, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పింది. బాబాయి గోడకి ఆనుకుని విన్నాడు.

"మీ ఆస్పత్రికి ఎంతయిందో అంత మళ్ళీ వడ్డీలకే పోసుకున్నామండీ. నేను రోజుకారోజు కట్టేసి, బీరువాలోది కొంత అందులో వేసుంటే సగమైనా మిగిలేది. జరిమానాలన్నా పడేవి కావు."

బాబాయి గోడనుంచి ముందుకి జరిగాడు. "అయితే... అంతా నా కాలు కాదన్నమాట."

"మీ కాలు మింగింది ఒక్కసారే. మిగతాదంతా నా తెలివితక్కువ."

ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పిన్ని ఆపలేదు. రెండేళ్ళుగా బిగపట్టుకున్నది, పోనీలే అనుకుంది. తర్వాత ఆయన అన్నగారికి ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, సోమవారం బయానా తేవద్దు. ఐసు కావాలంటే మాత్రం రా, డబ్బిచ్చి తీసుకెళ్ళు."

ఫోన్ పెట్టేసి చేతికర్ర అందుకున్నాడు. మొహం చెల్లక ఆయన వీధి గుమ్మం దాటి ఎంతకాలమైందో.

"ఎక్కడికండీ?" అంది పిన్ని కంగారుగా.

"డబ్బా తీసుకురా" అన్నాడు బాబాయి. "బ్యాంకు మూసేలోగా ఇద్దరం వెళ్ళి కట్టేసి వద్దాం."