మడగాస్కర్ డాక్టరమ్మకు మా అత్త పూచీ

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం అనుకునేరు. చేతిలో ఫోనూ, ఫోనులో లోకమూ ఉన్న రోజులే. కానీ ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ రాజ్‌కిశోర్ నగర్‌లోని మా ఇంటికి మాత్రం ఆ లోకాన్ని నమ్మే అలవాటు అప్పటికింకా రాలేదు. నాన్న టెక్కలి నుంచి వచ్చి రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. బండి చివరి పెట్టెలో కూర్చుని, ముందుకు పోతూ వెనక్కి చూసుకోవడమే వృత్తిగా బతికిన మనిషి. ఇంట్లోనూ అంతే, ఎవరైనా ఒక మాట చెబితే దాని వెనకాల ఏం వస్తోందో చూసేవారు. ఆయన అక్కగారు, మా పెద్దత్త, ఆయన్ని మించినది. పాలవాడి పాలను, టీవీలో వాన కబురును, డాక్టరు చెప్పిన బీపీని ఒకే అనుమానపు చూపుతో చూసేది. అమ్మ ఒక్కతే అందరినీ నమ్మేది, అందుకే మా ఇంట్లో అమ్మ మాటను ఎవరూ లెక్క చేసేవారు కాదు (ఈ వాక్యం నాన్నే అమ్మకు చదివి వినిపిస్తారని నాకు తెలుసు).

అలాంటి ఇంట్లో నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఎటువంటిదంటే, దాన్ని ఇంట్లోవాళ్ళకి వివరించడమే సగం ఉద్యోగం. నానా దేశాల శాస్త్రవేత్తలు కలిసి, వానలు ముఖం చాటేసినా తట్టుకుని నిలబడే వరి రకాల మీద పరిశోధన చేస్తున్నారు. ఆ పరిశోధన గురించి జనానికి చెప్పడం, ఆసక్తి ఉన్నవాళ్ళని అందులో భాగస్వాములుగా కలపడం, స్తోమత ఉన్నవాళ్ళ దగ్గర విరాళాలు పోగుచెయ్యడం మా చిన్న సంస్థ పని. బిలాస్‌పూర్ ఆఫీసంటే ఒక మిఠాయి కొట్టు మీద రెండు గదులు, మేడమ్, నేను. మేడమ్ రాయ్‌పూర్ మనిషి. ప్రతి విషయానికీ తెర మీద వేసి చూపించే బొమ్మ ఒకటి ఆవిడ దగ్గర సిద్ధంగా ఉండేది కాబట్టి ఆవిడకి నేను స్లైడు మేడమ్ అని పేరు పెట్టుకున్నాను, మనసులోనే.

నేను ఇదంతా ఉత్సాహంగా చెబితే పెద్దత్త కత్తిపీట మీద కూర తరగడం ఆపి అడిగింది. "అంటే, ఊరెమ్మట తిరిగి కబుర్లు సెప్తే జీతం ఇస్తారు. ఎవడిస్తాడే? ఎందుకిస్తాడు?" నాన్న మర్నాడు ఎండ మండిపోతుంటే గొడుగు ఇచ్చే నెపంతో మా ఆఫీసుకు వచ్చారు. గదులు చూశారు, కుర్చీలు చూశారు, కింద మిఠాయి కొట్టువాడితో కాసేపు మంచీ చెడ్డా మాట్లాడారు. సాయంత్రం ఇంటికి వచ్చాక, చైన్ మార్కెటింగ్ కాకపోవచ్చని, అయితే అలా కాదని కూడా ఇప్పుడే చెప్పలేమని తీర్పునిచ్చారు.

ఇంతలో అసలు పరీక్ష వచ్చింది. తఖత్‌పూర్ దగ్గర ఒక ఊళ్ళో ఆడవాళ్ళ రైతు సంఘం ఉంది. కొత్త వరి రకాలను వాళ్ళ పొలాల్లో, వాళ్ళ పాత రకాల పక్కనే వేసి చూడాలని మా ప్రయత్నం. వాళ్ళు ఒప్పుకోవడం లేదు. అంతకు ముందెవరో విత్తనాలు అంటగట్టి పోతే అవి మొలకే ఎత్తలేదట. వాళ్ళ సంఘం పెద్దను అందరూ దీదీ అనేవారు. ఆవిడ ఒకటే మాట చెప్పింది: మా ఊళ్ళో విత్తనాలు దాచుకోవడానికి గది కట్టించండి, దాని తాళంచెవి మాకివ్వండి, ఈ పరిశోధన చేసే మనిషి స్వయంగా వచ్చి మా మొహాలు చూసి మాట్లాడాలి. గది కట్టించడానికి మా కాలనీ తెలుగు సంఘాన్ని అడిగాం. వాళ్ళదీ అదే పాట, మనిషిని చూపించండి అన్నారు. ఈ రెండు సంఘాలూ కలవకపోతే బిలాస్‌పూర్ ఆఫీసు ఎత్తేస్తారని మేడమ్ నాకు ఒక స్లైడు చూపించి మరీ చెప్పింది.

చివరికి శాస్త్రవేత్త రావడానికి ఒప్పుకుంది. మడగాస్కర్ దేశస్థురాలు, వరి మీద డాక్టరేటు చేసిన మనిషి, అందుకే మాకు డాక్టరమ్మ. మూడు పూటలా వరన్నం తినే దేశమని, వరి గురించి ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలియదని మేడమ్ చెప్పింది. రాయ్‌పూర్‌లో విమానం దిగి రైల్లో వస్తే, స్టేషనుకు ఎదురెళ్ళి తీసుకురావడం నా పని. ఆవిడ పేరు ఎంత పొడుగంటే, నేను పట్టుకున్న అట్ట మీద రెండు వరసలు పట్టింది. బండి వచ్చింది, జనం దిగారు, నా కళ్ళు ఫారిన్ మనిషి కోసం వెతుకుతున్నాయి. చామనఛాయ, నూనె రాసి అల్లిన జడ, కాటన్ చొక్కా, చేతిలో సంచీ ఉన్న ఒకావిడ నా ఎదుటికి వచ్చి నిలబడింది. అచ్చం శ్రీకాకుళం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన పిన్నిలా ఉంది. "కాస్త పక్కకి జరగండమ్మా, ఫారిన్ నుంచి మనిషి రావాలి" అన్నాను, తెలుగులోనే. ఆవిడ జరగలేదు. అట్ట మీద పేరును వేలితో చూపించి, ఆ వేలిని తన గుండె మీద పెట్టుకుని నవ్వింది.

మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో. ఇది ఆతిథ్యం అనుకుంటే పొరపాటు, నాన్న ఏర్పాటు చేసిన తనిఖీ. డాక్టరమ్మ గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే పెద్దత్త నన్ను వంటింట్లోకి లాగి, ఈవిడ మన టెక్కలి వైపు మనిషని, ముక్కూ నుదురూ చూస్తే తెలియడం లేదా అని నిలదీసింది. నేను పేరు చెప్పాను. అంత పొడుగు పేరు ఇంటిపేరుతో కలిపి చెప్పుకునే మనవాళ్ళకే ఉంటుందట. ఫోనులో ఆవిడ ఫొటో, చదువు, ఉద్యోగం అన్నీ చూపించాను. "ఫోనులో నన్ను కలెక్టరని కూడా రాయొచ్చు" అని అత్త పెదవి విరిచింది.

ఆ తరవాత పరీక్షలు మొదలయ్యాయి. డాక్టరమ్మ నీళ్ళు తాగుతుండగా అత్త ఏమీ ఎరగనట్టు, నీ వెనకాల పిల్లి ఉంది సూడు అంది తెలుగులో. సరిగ్గా అప్పుడే నిజంగానే పక్కింటి పిల్లి గిన్నె ఏదో పడదోసింది. డాక్టరమ్మ వెనక్కి తిరిగి చూసింది. అత్త నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. వడ్డించాక ఆవిడ చెంచా అడిగితే, నటన అంది అత్త. ఈ గూఢచర్యంలో మునిగి పొయ్యి సంగతి మరిచిపోవడంతో, రెండోసారి పెట్టిన అన్నం గిన్నె అడుగంటింది. మాడు వాసన ఇల్లంతా కమ్ముకుంది. నేను సిగ్గుపడుతూ కిటికీలు తెరవబోయాను. డాక్టరమ్మ మాత్రం ముఖం విప్పారి, ఆ గిన్నె అలాగే తెప్పించమని ఇంగ్లీషులో అడిగింది. ఆ మాడు మీద వేడినీళ్ళు పోయించుకుని, కాసేపు మరగనిచ్చి, గ్లాసులోకి వంచుకుని కళ్ళు మూసుకుని తాగింది. వాళ్ళ దేశంలో భోజనమయ్యాక ప్రతి ఇంట్లో ఇదే తాగుతారట. నేను ఆ మాట తెలుగులోకి మార్చి చెప్పేలోపే అత్త కళ్ళు చెమర్చాయి. "మాడునీళ్ళు తాగే ఫారిన్ మనిషేటే? మా అమ్మ తాగీది. ఏ కష్టమొచ్చిందో, పేరు మార్చుకుని తిరుగుతోంది గుంట."

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాక్కూడా అనుమానం వచ్చింది. గదిలోకి వెళ్ళి మేడమ్‌కు ఫోను చేసి, ఈవిడ పాస్‌పోర్టు మీరు కళ్ళారా చూశారా అని అడిగాను. ఎండ దెబ్బ తగిలిందేమో మజ్జిగ తాగమని ఆవిడ ఫోను పెట్టేసింది.

సాయంత్రం మీటింగుకు తెలుగు సంఘం హాలు నిండిపోయింది. పరిశోధన అంటే పది మంది కూడా రాని కాలనీలో, వెనక గోడకు ఆనుకుని కూడా జనం. మేడమ్ పొంగిపోయి, ఇదంతా మా ఆఫీసు పోస్టర్ల మహిమ అనుకుంది. పెద్దత్త మధ్యాహ్నమంతా ఫోన్లు చేసిందని నాకు తెలుసు. రైల్వే రిటైర్డు మామయ్యలు, బొగ్గు కంపెనీ ఆఫీసర్లు, బ్యాంకు వాళ్ళు, అందరూ డాక్టరమ్మను కాదు, పారిపోయి వచ్చిన టెక్కలి అమ్మాయిని చూడటానికే వచ్చారు. మొదటి వరసలో తఖత్‌పూర్ దీదీ, ఆవిడతో వచ్చిన ఆడవాళ్ళు. వాళ్ళకి ఈ గొడవేమీ తెలియదు.

స్లైడులు అయ్యాయి. దీదీ లేచి, తమ ధాన్యం పట్టుకుపోయి రేపు తమకే అమ్మరని ఏం నమ్మకమని హిందీలో సూటిగా అడిగింది. మేడమ్ స్లైడు కోసం వెతుక్కుంటోంది. డాక్టరమ్మ మైకు తీసుకుని, నన్ను నమ్మమని నేను అడగను అంది. తన చిన్నప్పుడు వాళ్ళ ఊరికీ ఒకరు వచ్చి మాటలు చెప్పి పోయారనీ, వాళ్ళ అమ్మ ఆ ఏడు పొలం ఖాళీగా చూసుకుందనీ చెప్పింది. విత్తనం మీ గదిలో, తాళంచెవి మీ చేతిలో ఉంటుంది, పంట కళ్ళారా చూశాక నమ్మాలో లేదో మీరే తేల్చుకోండి అంది. మేడమ్ తర్జుమా చేస్తుంటే దీదీ డాక్టరమ్మ ముఖాన్నే చూస్తూ నిలబడింది. మాట బాగానే ఉంది గానీ, ఈ అమ్మ తన దేశం వెళ్ళిపోతే మేం ఎవరిని పట్టుకోవాలి అని అడిగింది.

అప్పుడు హాలు మధ్యలోంచి పెద్దత్త లేచింది. ఆవిడది రైల్వే క్వార్టర్లలో నేర్చిన హిందీ, సగం ఛత్తీస్‌గఢీ. "కహీఁ నహీఁ జాయేగీ. యే హమారీ బేటీ హై" అంది. ఎక్కడికీ పోదు, ఇది మా పిల్ల.

హాలంతా అదే కదా మేమూ అనుకుంటున్నది అన్నట్టు తలలూపింది. నేను తోకతొక్కిన తాచులా లేచాను. అత్త పొరబడిందని, ఆవిడ నిజంగా, ముమ్మాటికీ మడగాస్కర్ మనిషేనని, కావాలంటే పటం చూపిస్తానని చెప్పాను. నేను చెప్పినకొద్దీ జనం ముఖాల మీద, పిల్ల పాపం ఉద్యోగం కాపాడుకుంటోంది అన్న జాలి నవ్వు పెరిగింది. ఏం జరుగుతోందో మేడమ్ తన చెవిలో చెబితే డాక్టరమ్మ మళ్ళీ మైకు తీసుకుని, పెద్దావిడ బేటీ అన్నందుకు సంతోషమే గానీ, తాను మడగాస్కర్ దాన్నే అని నిదానంగా చెప్పింది. చప్పట్లు మాత్రం మొదటి ముక్కకే పడ్డాయి.

దీదీ అమాయకురాలు కాదు. పిల్ల ఎవరిదైతే నాకేం, పూచీ ఈ అమ్మది కదా అని అత్తను చూపించి అడిగింది. ప్రతి పంటకీ వచ్చి మాతో పాటు గట్టు మీద నిలబడతావా, తేడా వస్తే నీ గుమ్మం ముందు కూర్చోవచ్చా అని. జీవితంలో ఎవరికీ హామీ ఉండని మా పెద్దత్త, నాన్న చొక్కా పట్టుకుని లాగుతున్నా వినకుండా, ఉంటాను అనేసింది. ఆ మాటతో ఒక సంఘం పొలాలిచ్చింది, రెండో సంఘం గది కట్టించడానికి ఒప్పుకుంది.

అందరూ లడ్డూలు తింటుంటే నేను హాలు వెనక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మేడమ్ వచ్చి, అనుకున్నదంతా అయ్యాక ఈ ఏడుపేమిటని అడిగింది. "వాళ్ళు నిజాన్ని నమ్మలేదు మేడమ్" అన్నాను. ఆవిడ దగ్గర దానికి స్లైడు లేదు. సగం లడ్డూ తుంచి నా చేతిలో పెట్టింది.

ఆ తరవాత కథ అత్తది. గది గోడలు లేస్తున్నప్పుడు తఖత్‌పూర్ బస్సెక్కి వెళ్ళి, సిమెంటులో ఇసుక ఎక్కువైందని గొడవపడి, ఒక గోడ పడగొట్టించి మళ్ళీ కట్టించింది. నాట్ల నుంచి నూర్పుల దాకా గట్ల మీద నిలబడి డాక్టరమ్మ మనుషుల్ని, దీదీ మనుషుల్ని సమానంగా అనుమానించింది. ఆ ఏడు నడి వానాకాలంలో చాలా రోజులు చినుకు పడలేదు. కొత్త రకాల్లో ఒకటి ఎండిపోయింది, ఒకటి నిలబడింది, దీదీ వాళ్ళ పాత రకం దానికి తీసిపోకుండా నిలబడింది. ఎండినదాన్ని దాచకుండా రాయమని డాక్టరమ్మ పట్టుబట్టింది. ఆ ఊరివాళ్ళు ఆవిడని నమ్మింది ఆ ఎండిన మడిని చూశాకే. మరుసటి ఏడు పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చి కలిశారు.

ఇప్పుడు నేను పెద్ద ఊళ్ళో పెద్ద ఆఫీసులో అదే పని చేస్తున్నాను. భాగస్వాముల విశ్వాసం సంపాదించడం ఎలా అని కొత్తగా చేరినవాళ్ళకి పాఠాలు కూడా చెబుతాను (స్లైడులతో). అప్పుడప్పుడు పాఠం మధ్యలో, కాలనీ హాల్లో గొంతు చించుకుంటున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. నిజం ఒక్కటీ గట్టిగా చెబితే చాలు, లోకం నమ్మి తీరుతుందనుకున్న పిల్ల. ఇప్పుడు ఆ మెట్ల మీద కనిపిస్తే పక్కనే కూర్చుని, కళ్ళు తుడిచి, వేడిగా ఒక టీ తాగిస్తాను. మడగాస్కర్ సంగతి మాత్రం ఎత్తను.