వీణ జారిన గోడ

పెళ్లయి చంద్రగిరికి కాపురానికి వచ్చినప్పుడు నా వెంట ఒక ట్రంకుపెట్టె, మా అమ్మ వాయించిన వీణ వచ్చాయి. అత్త పడుకునే గదిలో పడమటి గోడకు రెండు చిలకకొయ్యలు ఉంటే, మా ఆయన వీణను వాటి మీద పెట్టాడు. మొదటి వేసవిలోనే అది జారి కింద పడింది. వీణ కుండ నెర్రె విచ్చింది. ఆ మధ్యాహ్నం గదిలో ఎవరూ లేరు.

అవి యుద్ధం రోజులు. తంతులు దొరకడమే గగనం. చిత్తూరు నుంచి వీణలు చేసే ఆచారి రైలెక్కి వచ్చి, ఉన్న తంతులనే జాగ్రత్తగా వదులు చేసి, నెర్రెలోకి వేడి జిగురు పోసి, గుడ్డపేలికలతో బిగించి కట్టాడు. మూడు రోజులు కదిలించవద్దన్నాడు. బాగైన వీణను మళ్లీ ఆ గోడకే పెట్టాం. వానలు మొదలుకాక ముందే రెండోసారి పడింది. ఈసారి వీణ మెట్లు మైనంతో సహా ఊడి వచ్చాయి.

అత్త గడప దగ్గర కూర్చుని వక్కాకు నములుతూ చూసింది.

"రెండుతూర్లు తనంతట తానే పడింది. మూడోతూరి ఎవురినో ఒకరిని తీసకనే పోతాది. దాన్ని యాడన్నా ఇచ్చేయ్ మే," అంది.

నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లడం మానేశాను.

ఆచారి మళ్లీ వచ్చాడు. పనిముట్ల సంచి విప్పకుండా ముందు వీణను నాలుగువైపులా తిప్పి చూశాడు. తర్వాత చిలకకొయ్యలను పట్టుకుని ఊపాడు. అవి గట్టిగానే ఉన్నాయి, కానీ రెండూ నేలవైపు వాలి ఉన్నాయి. రెండు పాత తంతులు ముడేసి, చివర చిన్న సుత్తి కట్టి, గోడకు పైన ఆనించి కిందికి వదిలాడు. సుత్తి ఊగడం ఆగేసరికి కింద తంతికీ గోడకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంది.

"వీణలో దోసం లేదమ్మా," అన్నాడు. "గోడ గదిలోకి వాలతా ఉండాది. కొయ్యలు వంగినాక వీణ యాడ నిలస్తాది? దాన్ని సాపలో సుట్టి నేల మింద పెట్టుకో. ఈ గదిలో ఎవురు పడుకుంటారు?"

"మా అత్త."

ఆయన గోడను పైదాకా మరోసారి చూసి, ఊడిన మెట్లు మైనంలో నిలబెట్టే పనికి కూర్చున్నాడు.

సాయంత్రం మా ఆయన విని నవ్వేశాడు. "మా తాత కట్టిన గోడ అది. వీణలు సేసే ఆయప్పకు గోడల సంగతి ఏం తెలస్తాది?"

నేను వీణను ముందుగదిలోకి మార్చాను. ఆచారి గోడ కొలిచి వదిలేసిన తంతిని మాత్రం దగ్గర ఉంచుకున్నాను. అత్త నీళ్లకు పోయినప్పుడు దానికి రాయి కట్టి కొలిచేదాన్ని. దసరాకు ఐదు వేళ్లు. వానలు పట్టాక ఆరు. అప్పుడు మా ఆయన్ని పిలిచి ఆయన చేతే కొలిపించాను. ఆయన వేళ్లు నా వేళ్ల కంటే లావు. అయినా ఐదు పట్టాయి. ఆయన మొహం మారిపోయింది.

"వాన తెరిపియ్యనీ, దుంగలు తెచ్చి గోడ పడకుండా పోటు పెడతా," అన్నాడు.

వాన తెరిపివ్వలేదు. మూడో రోజు పొద్దున గోడ పైనుంచి మట్టి రాలడం మొదలైంది. అత్తను బయటకు రమ్మంటే కదల్లేదు.

"నేను కాపరానికొచ్చిందే ఈడికి. వీణ పడిందని మంచం మార్చుకుంటానా?"

మా ఆయన ఆమెను మంచంతో సహా ముందుగదిలోకి లాక్కొచ్చి, దుంగల కోసం వానలోనే పరుగెత్తాడు. నేను వంటింట్లోకి వెళ్లాను. ఆమె వక్కాకు సంచి కోసం మళ్లీ ఆ గదిలోకి వెళ్లింది.

పెద్ద శబ్దమేమీ రాలేదు. తడిసిన మట్టి గోడ, బస్తా దించినట్టు ఒక్కసారి ధబ్‌మంది. నేను వెళ్లేసరికి ఆమె గడప మీద బోర్లా పడి ఉంది. మోకాలి కింద కాలు మట్టిలో ఉంది. సంచి చేతిలోనే ఉంది.

బతికింది. ఎముక వంకరగా అతుక్కోవడంతో కర్ర లేకుండా మళ్లీ నడవలేదు. చూడవచ్చినవాళ్లందరికీ వీణ వల్లే ఇదంతా అయిందని చెప్పేది. నేను ఎదురు చెప్పలేదు. కొలత తెలిసి కూడా ఆమెను అన్ని రోజులు అక్కడే పడుకోనిచ్చినదాన్ని. ఆ గోడ మళ్లీ లేచాక కూడా మా ఆయన చాన్నాళ్లు, పొద్దున్నే తక్కిన మూడు గోడలకూ ఒక్కొక్కదానికీ అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. నేను కసువు ఊడుస్తూ, చూసీ చూడనట్టు పక్కకు తప్పుకునేదాన్ని.