అందరం నీళ్లు పోసిన మిద్దెతోట

పోయిన వారం పొద్దున్నే మా మిద్దెతోట గ్రూపులో తాండూరు వదిన నెంబరు నుంచి మెసేజ్ వచ్చింది. ఆమె టైపు చేయడం మేమెవరం ఎరగం. ఏదున్నా గొంతుతోనే చెప్పి పంపేది. ఇదేమిటి కొత్తగా అనుకుంటూ తెరిచాను. "మీ వదినె తెల్లారుజామున పోయింది. గుండె ఆగింది" అని ఉంది. రాసింది ఆమె భర్త. స్కూలుకు బయలుదేరి ఇంటికి తాళం వేయబోతున్నదాన్ని గడప మీదే కూలబడ్డాను.

గ్రూపులో ఒకరి తర్వాత ఒకరం చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నాం. అప్పుడు భయం వేసింది. వికారాబాద్, తాండూరు, బషీరాబాద్, కరణ్‌కోట... ఎవరి ఊరు వాళ్లది, ఎవరి కులం, ఎవరి కొలువు వాళ్లవి. మమ్మల్ని ఒక్కచోట కట్టి ఉంచింది ఆమె మాటే. ఇక ఎవరి మిద్దె వాళ్లది, ఎవరి వంకాయలు వాళ్లవి అయిపోతాయేమో అనుకున్నాను. దుఃఖంలో కూడా ఆ దిగులు తెలుస్తూనే ఉంది.

నేను వికారాబాద్‌లో లెక్కల టీచర్ని. వదినతో నాకు పరిచయమైంది వంకాయ మొక్కల వల్ల. ఆకులు ముడుచుకుపోతున్నాయని గ్రూపులో ఫోటో పెడితే ఫోను మోగింది. పేరు చెప్పలేదు, నమస్తే లేదు.

"టీచరమ్మా, వంకాయ సంగతి తర్వాత జూద్దాం. ఆ మిద్దె మీద పొద్దుగాల ఎండ ఏ దిక్కు నుంచి వస్తది? ఇంట్ల నువ్వు కాకుంట ఇంకెవరు నీళ్లు పోస్తరు? మొక్కకు జరమొస్తె ఇల్లంత జూడాలె."

ఆ వచ్చే ఆదివారం రైలు దిగి మా ఇంటికి వచ్చేసింది. భుజాన సంచీ. అందులో పండో ఫలమో ఉంటుందనుకుంటే నల్లమట్టి! నా కుండీల్లో వేలు పెట్టి చూసి నవ్వింది.

"మీ ఎర్రమట్టి నీళ్లను ఆపది. మా నల్లమట్టి నీళ్లను ఇడ్వది. రెండు కలిపితెనే సంసారం నడుస్తది. నేను, మా సావుకారి గూడ గంతే."

సావుకారి అంటే ఆమె భర్త. తాండూరులో కందిపప్పు వ్యాపారం. ఆమెను చూసి మేమూ ఆయన్ని షావుకారు అనడం మొదలుపెట్టాం. అప్పటి నుంచి మా మధ్య మట్టి రాకపోకలు నడిచాయి. నేను తాండూరు వెళ్లేటప్పుడు ఎర్రమట్టి, వచ్చేటప్పుడు నల్లమట్టి. ఒకసారి రైల్లో ఒక పెద్దాయన నా సంచీని కాలితో జరపబోయి, "ఏముందమ్మా గింత బరువు?" అన్నాడు. మట్టి అంటే నమ్మలేదు. విప్పి చూపిస్తే ముక్కు మీద వేలేసుకున్నాడు.

వదిన పుట్టిల్లు కర్ణాటకలో, సేడం వైపు. పెళ్లై వచ్చిన కొత్తలో తెలుగు సరిగ్గా రాదు. ఇంట్లో అందరూ కొట్లో పడి ఉండేవాళ్లు. మాట్లాడడానికి మనిషి లేక మిద్దె ఎక్కి పగిలిన కుండలో పుదీన పెట్టిందట. అలా మొదలైన తోట అది. తాండూరులో రాళ్లు పాలిష్ పట్టే మిషన్ల నుంచి లేచే తెల్లటి దుమ్ము ఆకుల మీద పేరుకుంటుంది. ఎండ ముదరక ముందే ఒక్కో కరివేపాకు రెమ్మను తడిగుడ్డతో తుడిచేది. పిల్లల మొహాలు కడిగి బడికి పంపే తల్లిలాగే ఉండేది ఆ పనిలో. నాకు అంత ఓపిక లేదు, ఇప్పటికీ రాలేదు.

గ్రూపులో మేము పూసిన గులాబీల, కాసిన సొరకాయల ఫోటోలు పెట్టి మురిసిపోతుంటే వదినకు ఒళ్లు మండేది. "ఎప్పుడు జూసినా పెండ్లి ఫోటోలేనా? జరమొచ్చిన ఫోటోలు పెట్టున్రి. నేర్చుకుందాం" అని గొంతు పంపేది. ముందు తనే పెట్టేది. కొత్తిమీర ఆమెకు ఏనాడూ సరిగ్గా మొలవలేదు. అందరినీ సలహా అడిగేది. ధనియాలు నలిపి చల్లమన్నది ఒకరు, రాత్రంతా నానబెట్టమన్నది ఇంకొకరు, గోనెపట్టా కప్పమన్నాను నేను. ఎవరి సలహాకు వాళ్ల కుండీ పెట్టి, "ఇది టీచరమ్మ కుండీ, ఇది బషీరాబాద్ అన్న కుండీ" అని చూపించేది. ఎవరి కుండీలో నాలుగు ఆకులు లేచినా ఆ మనిషికి ఫోను చేసి పొగిడేది. మొక్కల గురించి ఆమెకు తెలిసినంత మాలో ఎవరికీ తెలియదు. అయినా మా అందరి దగ్గరా నేర్చుకోవాల్సింది ఉన్నట్టే నడుచుకునేది. అది నటన కాదు. అంత పెద్ద మనసు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

బషీరాబాద్ అన్న అంటే గొర్రెలు కాసే ఇంటి మనిషి. ఇప్పుడు వ్యవసాయమూ ఉంది. బండి మీద గొర్రె ఎరువు బస్తాలు తెచ్చి మాకు పంచేవాడు. ఇంకొకతను కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడు. గులాబీల పిచ్చి. వీళ్లిద్దరికీ ఒక క్షణం పడదు. ఎరువు ఎక్కువని ఒకరు, తక్కువని ఒకరు. మధ్యలో వదిన చాయ్ పోసి, "కొట్లాడున్రి, కొట్లాడున్రి, నాకు రెండు తీర్ల ఎవుసం తెలుస్తది" అనేది.

రెండేళ్ల కింద కార్తీకంలో వదిన గుండెకు ఆపరేషన్ అన్నారు. హైదరాబాద్ తీసుకుపోయారు. పోయే ముందు గ్రూపులో గొంతు పంపింది. "మొక్కల గురించి ఫికర్ జెయ్యకున్రి. సావుకారి నీళ్లు పోస్తడు. దుకాణం జూస్కుంట, దవాఖానకు తిరుక్కుంట అన్ని జూస్తడు."

షావుకారు మీద మాకెవరికీ నమ్మకం లేదు. ఆయన తోటలో కాలు పెట్టగా చూసినవాళ్లు లేరు. "పప్పు అమ్ముకునేటోల్లకు గీ వంకాయల పంచాయితి ఎందుకే" అని ఎకసెక్కాలాడే మనిషి. అలాగని ఆయన మొహం మీద అనలేం కదా. నేను ఆదివారం గుట్టుగా తాండూరు వెళ్లాను. వాళ్ల మిద్దెకు మెట్లు బయటి నుంచే, సందులోంచి. ఎవరినీ అడగక్కర్లేదు. పైన మట్టి తడిగా కనిపిస్తే రాత్రి మంచు పడిందనుకున్నాను, చూడండి నా తెలివి! కుండీ కుండీకి కడుపునిండా నీళ్లు పోసి, గొప్ప పని చేసినట్టు రైలెక్కాను. ఆ తర్వాతి ఆదివారాలూ అంతే.

డ్యూటీ దిగి ఇంటికి పోతూ పోతూ కరణ్‌కోట తమ్ముడూ పోశాడని నాకు తెలియదు. వారం అంగడికి వచ్చినప్పుడల్లా బషీరాబాద్ అన్న పోశాడని తమ్ముడికి తెలియదు. పక్కింటి వాళ్లు గోడ మీద నుంచి పైపు పెట్టారని ఎవరికీ తెలియదు.

వదిన ఇంటికి వచ్చిందంటే చూడ్డానికి అందరం వెళ్లాం. మెట్లు ఎక్కొద్దన్నారు డాక్టర్లు. వినలేదు. రెండు మెట్లకోసారి ఆగుతూ, షావుకారు చెయ్యి పట్టుకుని ఎక్కింది. వెనకాల మేము. పైకి వెళ్లి చూశాం. మిరప చెట్లు పసుపు పచ్చగా తలలు వేలాడేసి ఉన్నాయి. గులాబీలు నల్లబడ్డాయి. మల్లె మొదలే మెత్తబడింది. చావు అంచు దాకా పోయి వచ్చిన మనిషికి ఇదా మేము చూపించేది అనిపించి సిగ్గుతో చచ్చిపోయాను.

వదిన కుర్చీలో కూర్చుని ఒక మిరప మొక్కను పట్టి లాగింది. ఊరికే వచ్చేసింది. కుళ్లిన వేరును వాసన చూసింది.

"నీళ్లు ఎవరు పోసిన్రు?"

 ముందు నేనే, "నేను పోసిన వదినె, ఆదివారం ఆదివారం" అన్నాను. "నేను గూడ పోసిన" అన్నాడు కరణ్‌కోట తమ్ముడు. "అంగడికి వచ్చినప్పుడల్ల నేను పోసిన చెల్లె" అన్నాడు బషీరాబాద్ అన్న. పక్కింటామె గోడ అవతల నుంచే ఒప్పుకుంది. ఆఖరున షావుకారు గొంతు సవరించుకున్నారు. "నేను రెండు పూటల పోసిన. తక్కువైతదేమో అని."

వదిన ఆయన వైపు చూసింది. తర్వాత ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. గుండె మీద చెయ్యి అదుముకుని, "నవ్వియ్యకున్రి, కుట్లు గుంజుతున్నయ్" అంటూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది.

"నేను గీ ఊరికి వచ్చిన కొత్తల మంచినీళ్లు తాగుతవా అని అడిగేటోల్లు లేకుండె. ఇయ్యాల జూడున్రి, నీళ్లు ఎక్కువై మొక్కలు సచ్చినయ్."

చచ్చిన మొక్కలను చూసి అంత సంతోషించిన మనిషి ఇంకొకరు ఉంటారా? నాకు తెలిసి లేరు. ఆ తర్వాత మళ్లీ నారు పోసింది, మళ్లీ ఆకులు తుడిచింది. మేము మాత్రం జడుసుకున్నాం. ఆ రోజు నుంచి ఒకరిని ఒకరం అడక్కుండా ఆ మిద్దె మీద చెంబు ముట్టలేదు.

వదిన పోయిన మూడో రోజు కార్యానికి అందరం తాండూరు చేరాం. వరండాలో చాపల మీద కూర్చున్నాం.  ఆమె లేకుండా మేమంతా ఒకచోట కూర్చోవడం అదే మొదటిసారి. కరణ్‌కోట తమ్ముడు, బషీరాబాద్ అన్న చెరో మూల కూర్చుని నేలకేసి చూస్తున్నారు. ఎంత తొందరగా లేచి పోదామా అన్నట్టుంది. నా రైలు టైము నేనూ మనసులో చూసుకుంటున్నాను.

షావుకారు మిద్దె మీది నుంచి దిగి వచ్చారు. "మొక్కలన్ని వాడినయ్. ఎవ్వరు నీళ్లు పొయ్యలేదా?" అన్నారు.

ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎండలు మండిపోతున్నా, ఎవరో ఒకరు పోసే ఉంటారని ప్రతి ఒక్కరం అనుకున్నాం. పరుగున పైకి వెళ్లాం. టమాటాలు సొమ్మసిల్లి ఉన్నాయి. షావుకారు డ్రమ్ములో చెంబు ముంచి పట్టుకుని, "జర ఎవరన్న చెప్పున్రి. దీనికి ఎన్ని పొయ్యాలె?" అని అడిగారు.

"సగం చెంబు సాలు" అన్నాడు బషీరాబాద్ అన్న. "సగమా! గీ ఎండకు సగం ఏడికొస్తదే? నిండ పొయ్యాలె" అన్నాడు తమ్ముడు. ఎండలో అసలు పోయకూడదు, పొద్దు దిగాక పోయాలన్నాను నేను. అప్పటిదాకా ప్రాణం ఎట్లా ఉంటుందని పక్కింటామె గోడ మీద నుంచి నా మీదికి లేచింది. ఆకులు తడపాలని ఒకరు, వద్దే వద్దని ఒకరు. పరామర్శకు వచ్చిన ఇల్లని కూడా మరిచిపోయి గొంతులు పెంచుకుని కొట్లాడుకుంటున్నాం.

షావుకారు అందరి మొహాలకేసీ మార్చి మార్చి చూశారు. చెంబులో నీళ్లు ఒలికి ఆయన ధోవతి అంచు తడిసిపోతోంది. బోర్లించిన బకెట్ ఒకటి దగ్గరికి లాక్కుని, టమాటా కుండీ పక్కన దాని మీద కూర్చున్నారు.

"ఒక్కొక్కరు చెప్పున్రి" అన్నారు. "నాకేం తొందర లేదు."