సుగుణమ్మ అరచేతిలో ముగ్గు

ధనలక్ష్మి నాయన పోయాడన్న మాట మొదట నాకు చెప్పింది మా ఇంటికి పాలు పోసే పాపమ్మ. అది 1979 మార్చి, చిత్తూరు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు ముంచుకొస్తున్న రోజులు. పాపమ్మ చెంబులో పాలు పోసి, వెళ్ళకుండా గడప దగ్గరే నిలబడింది. "మండీలో కాటా ఏసే మునిరత్నం, అమ్మా. బెల్లం తూస్తా తూస్తా ఆడనే కూలబడినాడంట. మీ దగ్గర లెక్కలు నేర్సుకునే పాప వాళ్ళ నాయన," అంది.

నేను బడికి పోయినదాన్ని కాను. మా నాయనగారు కోవెలలో ఆరాధన ముగించుకొని వచ్చి ఇంట్లోనే నాకు చదువు చెప్పారు. ఆయన దయవల్లనే, పెళ్ళయి చిత్తూరు వచ్చాక, వీధిలోని ఆడపిల్లలకు లెక్కలు చెప్పే భాగ్యం దొరికింది. పిల్లలు నన్ను అయివారమ్మా అని పిలిచేవారు.

మా పనిలో ఐడెంటిటీ అనే మాట ఒకటుంది. అక్షరాల స్థానంలో ఏ సంఖ్యలు వేసినా తప్పకుండా నిలిచే సూత్రమన్నమాట. ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్ అలాంటిదే. పిల్లలు ఏ స్క్వేర్, బి స్క్వేర్ రాసేసి, నడిమి టూ ఏబీని మరిచిపోతారు. దానికి నేను ముగ్గు నేర్పేదాన్ని. పెద్ద చదరపు గడి ఏ స్క్వేర్. దాని మూలకు తగిలేలా చిన్న చదరపు గడి బి స్క్వేర్. మిగిలిన సందుల్లో రెండు పొడుగు గడులు, ఒక్కొక్కటి ఏబీ. అవి వేయకుంటే ముగ్గు బోసిగా ఉంటుంది, కన్ను ఊరుకోదు.

ధనలక్ష్మి అంతకుముందు సంవత్సరం లెక్కల్లో తప్పింది. ఈసారీ తప్పితే పలమనేరులో మేనత్త ఇంటికి పంపి ఆవుల పనిలో పెట్టాలని పెద్దలు అనుకున్నారు. ఆ పిల్లకు టీచర్ ట్రైనింగ్ మీద ఆశ. ఎంత వల్లె వేసినా నోటికి రాని సూత్రాలు ఆమె చేతికి వచ్చాయి. రోజూ పొద్దున వాకిట్లో ఒక సూత్రాన్ని ముగ్గుగా వేసేది. ఇది లక్ష్మీదేవికా, అయివారమ్మకా అని వీధిలోవాళ్ళు ఎగతాళి చేసేవారు. మునిరత్నం మాత్రం మండీకి పోతూ పంచె ఎత్తిపట్టుకొని, "ఈ పొద్దు ఏం లెక్క తొక్కగూడదు పాపా?" అని అడిగి, దాని పేరు చెప్పించుకొని మరీ దాటేవాడట.

చావు జరిగిన ఇంట ముగ్గు వేయరు. నేను పరామర్శకు వెళ్ళేసరికి ఆ వాకిలి ఉత్త మట్టితో ఉంది. లోపల ధనలక్ష్మి గోడకు ఆనుకొని కూర్చుంది. పక్కన తల్లి సుగుణమ్మ. పిల్ల నన్ను చూసి ఏడవలేదు. "అన్నీ పోయినాయి అయివారమ్మా. ఒగటీ గుర్తుకు రాలే," అంది.

వేలితో నేల మీద ఏదో గీయబోతే, పలమనేరు నుంచి వచ్చిన మేనత్త ఆ చేతిని పట్టుకుంది. "ఒద్దు పాపా. మీ నాయన పోయిన ఇంట్లో ముగ్గు గీత పడగూడదు," అంది. ఆమె గొంతులో కోపం లేదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి. నేనూ ఆ ఆచారంలోనే పెరిగినదాన్ని. నా ఉపాయమంతా ముగ్గుపిండిలోనే ఉంది. అది లేనిచోట ఏం చెప్పాలో నాకు తోచలేదు.

అప్పుడు సుగుణమ్మ కొంగులోంచి చేయి బయటికి తీసి, అరచేయి విప్పి కూతురి ముందు పెట్టింది.

"నా సేతిలో ఎయ్యి."

ధనలక్ష్మి వేలితో పెద్ద గడి గీసింది. మూలకు చిన్న గడి గీసింది. అక్కడ ఆగిపోయింది.

"ఇంగా రెండు పొడుగువి ఉండాయి గదా," అంది సుగుణమ్మ, మూసిన కళ్ళు తెరవకుండానే. "వాటిని దాటేదానికే గదా మీ నాయన పంచె ఎత్తి పట్టుకుంటా ఉన్నింది."

పిల్ల అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే ఆ రెండూ గీసింది. నేల మీద గీత పడలేదు కనుక మేనత్త అడ్డు చెప్పలేదు. పరీక్షదాకా తల్లి అరచేయే ఆమెకు పలక అయింది.

పరీక్ష హాల్లో ధనలక్ష్మి ఎడమ చేయి విప్పుకొని వేలితో గీసుకుంటూ ఉంటే, ఇన్విజిలేటర్, అంటే కాపీలు కొట్టకుండా కాపలా ఉండే అయ్యవారు, వచ్చి చేయి చూపమన్నాడట. తిప్పి తిప్పి చూస్తే ఏమీ లేదు. ఏం గీస్తున్నావని గద్దిస్తే, "మాయమ్మ సెయ్యి అనుకుంటా ఉండా సార్," అందట. ఆయన ఆ చేయి వదిలి పక్క బెంచీ వైపు వెళ్ళాడట.

ప్యాసయింది. స్వామి దయ. ఆ కబురు చెప్పడానికి వచ్చిన పిల్ల ముఖంలో వెలుగు లేదు. "మళ్ళా ముగ్గేసినా, ఏం లెక్క అని అడిగేవాళ్ళు లేరు అయివారమ్మా," అంది. సుగుణమ్మ చింతపండు కొట్టే పనికి పోయి కూతుర్ని ట్రైనింగ్ చదివించింది. కూతురు టీచరై బడిలో అడుగుపెట్టకముందే ఆ తల్లి జ్వరంతో కన్నుమూసింది. ఆ వాకిలి మళ్ళీ ఉత్త మట్టి అయింది.

ఆ తర్వాత నేను ఏ పిల్లకు సూత్రం నేర్పినా, ఇంట్లో ఎవరితో కూర్చొని చదువుతావని ముందు అడిగేదాన్ని. ఉపాయం నేను చెప్పగలను, అది మనసులో నిలవడానికి మరో మనిషి కావాలని ఆ ఇంట్లో తెలిసింది. మీ పిల్లలు చదివింది మరిచి బిక్కమొహం వేసుకొని కూర్చున్నప్పుడు, ఆ దుఃఖంలోనూ చేయి చాచిన సుగుణమ్మను ఒక్కసారి తలుచుకోండి.