నేను దిగని నీళ్లు

మా వదిన మునిగిపోయినప్పుడు నేనూ చెరువులోనే ఉన్నాను. ఆమెకు పది అడుగుల దూరంలో, మోకాలి లోతు నీళ్లలో.

మా ఊరు సుల్తానాబాద్‌కు దగ్గర. చెరువు కట్ట దిగితే మా వాడ. ఎండాకాలంలో యాసంగి వరి కోతలయ్యేసరికి చెరువు సగానికి పైగా తగ్గేది. అప్పుడు జేసీబీలు, ట్రాక్టర్లు దిగి పొలాలకూ ఇటుక బట్టీలకూ మట్టి తోడుకుపోయేవి. వానలకు ఆ గుంతలు నిండేవి. మరుసటి ఎండాకాలం నీళ్లు వెనక్కి జరిగినప్పుడు అవి ఎక్కడున్నాయో ఎవరికీ గుర్తుండేది కాదు.

అన్న దుబాయిలో ఉండేవాడు. నేను పెళ్లయిన రెండేళ్లకే అత్తగారింటి నుంచి తిరిగొచ్చాను. ఎందుకొచ్చావని ఊరంతా అడిగింది. వదిన ఒక్కతే అడగలేదు. వచ్చిన రోజు నా చేతిలోని సంచి అందుకుని, "ముందు అన్నం తిను" అంది.

ఆ రోజు పొద్దునంతా కల్లంలో వడ్లు ఆరబోశాం. మధ్యాహ్నం బొంతలూ చీరలూ ఉతకడానికి బయలుదేరాం.

"గింత ఎండల ఎందుకే, మాపటికి పోరాదుండ్రి" అంది అవ్వ, మా అమ్మ.

"గంటల వస్తం అత్తమ్మా" అంది వదిన.

ఆ ఎండకు రేవులో ఎవరూ లేరు. చీరలన్నీ పిండి ఒడ్డున కుప్పేశాం. బొంత జాడిస్తుంటే వదిన చేతిలోంచి అది జారిపోయింది. దాన్ని అందుకోవడానికి పక్కకు రెండడుగులు వేసింది. అంతే, మనిషి లేదు. అరుపు కూడా వినబడలేదు. ఒకసారి తల పైకొచ్చింది. నా వైపే చూసింది. నాకు ఈత రాదు. ముందుకు అడుగు వేస్తే కాలి కింద మట్టి జారింది. వెనక్కి వచ్చేశాను. ఒడ్డున నిలబడి గొంతు చిరిగేలా కేకలు పెట్టాను.

కట్ట అవతల నీడన వల బాగుచేసుకుంటున్న ముసలాయన పరుగెత్తుకొచ్చి దూకాడు. చేపలు పట్టే ఆయన్ని ఊరంతా కాక అంటుంది. కాక ఆమెను ఒడ్డుకు తెచ్చేసరికే ప్రాణం పోయింది.

పెద్దపల్లి ఆస్పత్రిలో పోస్టుమార్టం అయ్యాక ఆమెను ఇంటికి తెచ్చిన రోజే అన్న వచ్చాడు. అంతా అయ్యాక నన్ను ఒకే మాట అడిగాడు.

"నువ్వు ఆడనే ఉన్నవ్ గదా చెల్లె?"

"ఉన్న" అన్నాను.

నెల తిరగకముందే మళ్లీ వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఫోన్ చేస్తే అవ్వతోనే మాట్లాడేవాడు.

నేను చాలా రోజులు గడప దాటలేదు. నీ తప్పేం లేదని వచ్చినవాళ్లంతా అనేవారు. ఒక పొద్దున కాక వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నువ్వు దిగకపోవుడే మంచిదైంది బిడ్డా. ఈత రానోళ్లు దిగితే ఇద్దరు పోతరు. కని చీర ఇసిరేదుండె. నువ్వు ఒడ్డున పండుకొని ఒక కొస పట్టుకుంటే, ఇంకో కొస ఆమె పట్టుకుంటుండె."

పక్కనే కుప్పగా ఉన్న చీరలు నాకప్పుడు గుర్తొచ్చాయి. అయినా ఆయన మీద కోపం రాలేదు. అన్ని రోజుల్లో నేను నమ్మగలిగిన మాట అదొక్కటే.

"గా ముచ్చట మాకెవ్వరు చెప్పలే కాకా."

"నేను గూడ చెప్పలే" అని ఆయన తల వంచుకున్నాడు.

మరుసటి ఏడు కోతలకు ముందే కాకా నేనూ చెరువుకు వెళ్లాం. ఆయన తెప్ప మీద తిరుగుతూ గడతో లోతు చూసేవాడు. గుంత దొరికిన చోటల్లా అంచున వెదురు కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టేవాడు. నేను ఒడ్డున నిలబడి గుడ్డలు చింపి ఇచ్చేదాన్ని. రేవు దగ్గర మట్టి తీయనివ్వొద్దని పంచాయతీలో అడిగాం. మొదటి ఏడు వినలేదు. రెండో ఏడు విన్నారు. ఆడవాళ్లను పోగుచేసి రెండు చీరలు ముడేసి విసరడం నేర్పబోతే నవ్వారు. "చీర కట్టుడు గూడ నేర్పుతవా?" అంది ఒకామె. వదిన పోయిన చోటు చూపించాను. ఒక్కొక్కరే వచ్చి చీర కొస పట్టుకున్నారు. మధ్యాహ్నం చెరువుకు ఎవరూ ఒంటరిగా పోవద్దని ఆ రోజే అనుకున్నాం.

నాలుగేళ్ల తర్వాత, సిరిసిల్ల నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకామె గిన్నెలు తోముతూ కాలుజారి లోతులోకి పోయింది. రేవులో ఉన్న ముగ్గురు ఆడవాళ్లు చీర విసిరి లాగారు. కబురు విని కల్లం నుంచి ఉరికాను. ఆమె ఒడ్డున కూర్చుని దగ్గుతోంది. పక్కన కూలబడి ఏడ్చాను. నేనెవరో కూడా ఆమెకు తెలియదు. "నాకేం కాలే అక్కా, ఏడ్వకు" అని నా వీపు నిమిరింది.

అవ్వ ఈ సంగతి అన్నకు ఫోన్‌లో చెప్పింది. అప్పుడతను ఫోన్ నాకిమ్మన్నాడు.

"గీ ఏడు ఎన్ని గుంతలున్నయే?" అన్నాడు.

"ఏడు గుంతలు."

"కాక ఒక్కడే పాతుతుండా?"

"చాతనైతలేదు ఆయనకు. మోకాళ్లు నొస్తున్నయి."

మరుసటి ఎండాకాలం అన్న లీవు పెట్టి వచ్చాడు. పొద్దున్నే కర్రలు భుజాన వేసుకుని నాతో చెరువుకు నడిచాడు. వదిన పోయిన చోటు ఎక్కడని అడిగాడు. చూపించాను. నడుము లోతు నీళ్లలోకి దిగాడు. తర్వాత కర్ర పాతి, కదులుతోందేమోనని రెండుసార్లు ఊపి చూశాడు. మిగతావి పాతేసరికి ఎండ ముదిరింది.

తిరిగి వస్తుంటే ఆకలైతుందన్నాడు. ఇంటికి వెళ్లి మా ఇద్దరికీ అన్నం పెట్టాను.